గాలాల గడ్డ మీద సభ

పోయిన వారం మనం కనకలక్ష్మిని చెరువు కట్ట మీద నిలబడి ఉండగా వదిలాం. ఆమె కళ్ల ముందే రెండు ట్రాక్టర్లు వచ్చి గాలాల గడ్డ మీద సిమెంటు కడీలు దించి పోయాయి. కంచెకని చూస్తేనే తెలుస్తోంది. ఎవరి కంచె అని అడిగితే, "శుక్రారం సభ పెడతరట, ఆడ అడుగు" అని డ్రైవర్ గేరు మార్చాడు.

ఆ శుక్రవారం తెల్లవారింది. మిర్గానికి, అంటే మృగశిర కార్తెకు, ఇంకా అయిదు రోజులుంది.

మిర్గం నాడు చేప తినని ఇల్లు తూముపల్లి చుట్టుపక్కల ఉండదు, కనకలక్ష్మి ఇల్లు తప్ప. కోమట్ల ఇంట పుట్టి కోమట్ల ఇంటికే కోడలైన మనిషి. చేప వాసన తగిలితే ఇప్పటికీ ఆమె చెయ్యి దానంతటదే కొంగును ముక్కు దగ్గరికి తెస్తుంది. అయినా మానుకోట నుంచి కొత్తగూడ అడవి దాకా ఆమె దుకాణంలో దొరికినన్ని గాలాలు ఇంకెక్కడా దొరకవు. రవ్వకు ఏ సైజు ముల్లు, కొర్రమట్టకు ఏ దారం, వాన పడే ముందు ఏ ఎర అనేది తిననిది కాబట్టే ఆమె చెవులతో నేర్చుకుంది. ఏది తినాలన్నది ఇంటి సంగతి, ఏది అమ్మాలన్నది గిరాకీ సంగతి. ఆ రెండింటినీ ఆమె ఎప్పుడూ ఒకే మూటలో కట్టలేదు.

గడ్డ సంగతి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. పెద్దచెరువు పడమటి ఒడ్డున ఉన్న ఎనిమిదెకరాల శిఖం భూమి అది. చెరువు నిండితే సగం మునుగుతుంది, ఎండాకాలం మొత్తం బయటపడుతుంది. కాగితాల్లో సర్కారుది. వలలు వేసేది మత్స్యకారుల సొసైటీ వాళ్లు, వాళ్ల పడవలు తూర్పు ఒడ్డున ఉంటాయి. పడమటి ఒడ్డు గాలం వాళ్లది. రెండు మూడు రోజులకు సరిపడా బియ్యం, ఉప్పు, కారం తెచ్చుకుని అక్కడే ఉండి, అక్కడే పట్టి, అక్కడే వండుకుంటారు. ఎవరి పొయ్యి వాళ్లకుంది. మానుకోట రైలోళ్ల పొయ్యి, భూపాలపల్లి బొగ్గుబాయోళ్ల పొయ్యి, జనగామ పంతుళ్ల పొయ్యి, టీక్యా తండా పొయ్యి. మూడు రాళ్లు ఒక చోట కుదిరాయంటే మళ్లీ ఎవరూ కదపరు. ఒకరి పొయ్యి మీద ఇంకొకరు వండుకోవచ్చు, కానీ పోయేటప్పుడు రాళ్ల మధ్య ఎండు పుల్లలు పెట్టి పోవాలి. తర్వాత వచ్చేవాడు తడిసి వచ్చినా, ఆకలితో వచ్చినా వెతుక్కోకుండా అంటుకోవాలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు. తప్పినవాడిని మాత్రం పేరుతో సహా అందరూ గుర్తుంచుకుంటారు.

వారం రోజులుగా కనకలక్ష్మి మనసులో తక్కెడ ఊగుతూనే ఉంది. ఒక వైపు గడ్డ, ఒక వైపు సురేందర్ పటేల్. కంచె వేయించేది ఆయనేనని అప్పటికే ఊరంతా తెలిసింది. ఊరికి సర్పంచి, మండలంలో ఉద్యమానికి ముందుండే మనిషి. తెలంగాణ అన్న మాట ఆయన నోట వచ్చినంత గట్టిగా ఇంకెవరి నోటా రాదు. ఆయనకు ఎదురు మాట్లాడితే ద్రోహి అంటారు. ఆ రోజుల్లో ఒక మనిషిని ముంచడానికి ఆ ఒక్క మాట చాలు. బంద్ అన్న ప్రతిసారీ తలుపు మూసింది కనకలక్ష్మి. రాస్తారోకో అన్నప్పుడల్లా పులిహోర కలిపి పంపింది. ఆ మాట తన మీద పడితే తుడుచుకోవడం ఎలాగో ఆమెకు అంతు పట్టలేదు.

పొద్దున్నే లచ్చిరాం దుకాణానికి వచ్చాడు. టీక్యా తండా పెద్ద. ఆ ఒడ్డున ముప్పై ఏళ్లుగా గాలం వేస్తున్నవాడు. నీటి మీద బుడగ చూసి కింద ఏ చేప ఉందో చెప్పగలడు. ఏమీ కొనకుండా గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏంది లచ్చిరాం, పొద్దుగాల్నే మొఖం గట్ల పెట్టినవ్?"

"సభల నువ్వు మాట్లాడుతవట గదా అక్కా."

"మాట్లాడుత. నువ్వు మాట్లాడవా?"

"నాకు మాట రాదక్కా. చాపకు రాదు, నాకు రాదు. గందుకే మా ఇద్దరికి కుదిరింది." నవ్వబోయి మానేశాడు. "ఒక్కటడుగుత. ఏమన్న మాట్లాడు. పటేల్‌ను తిట్టు, సర్కార్‌ను తిట్టు. రైలు పట్టాల ముచ్చట మాత్రం తేకు."

ఆమెకు అర్థమైంది. మార్చి ఒకటిన రైల్ రోకో. ముందు రోజు సాయంత్రమే తూముపల్లి, తండా కలిసి రెండు లారీల్లో మానుకోట పోయి, మర్నాడు చీకటి పడేదాకా పట్టాల మీదే కూర్చున్నారు, అక్కడే వండుకుని తిన్నారు. పోలీసులు కేసు రాశారు. కొందరి పేర్లు, 'మరికొందరు' అన్న మాట. ఆ మరికొందరు ఎవరని మూడు నెలలుగా వెతుకుతున్నారు. లచ్చిరాం కొడుకు చందుకు రైల్వేలో ట్రాక్‌మన్ ఉద్యోగం దాదాపు వచ్చినట్టే. పరుగు పాసయ్యాడు, మూటలు మోసి పాసయ్యాడు, ఇక పోలీసుల విచారణ ఒక్కటే మిగిలింది. పట్టాలు బాగు చేసే కొలువుకు పోయేవాడు పట్టాల మీద కూర్చున్నాడని తెలిస్తే ఆ కాగితం అక్కడే ఆగుతుంది.

"కానిస్టేబుల్ వచ్చి అడిగిపోయిండు. మిరపకాయ ఏరనీకె ఖమ్మం పోయినం అని చెప్పిన, ఇంటిల్లిపాది" అన్నాడు లచ్చిరాం.

"గడ్డకు, పట్టాలకు ఏం సంబంధం? తేను పో" అంది కనకలక్ష్మి.

ఏమీ ఖర్చు కాదనుకున్న మాట. అలాంటి మాటలే మనిషి తొందరగా ఇచ్చేస్తాడు.

పది గంటలకు గడ్డ మీదే షామియానా వేశారు. గాలి నిలకడగా లేదు. ఒకసారి చెరువు మీది నుంచి, ఒకసారి ఊరి వైపు నుంచి కొడుతోంది. బట్ట టపటపా కొట్టుకుంటుంటే మనుషులు కూడా ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నారు. దించిన కడీల కుప్ప మీద తండా పిలగాళ్లు ఎక్కారు. వాళ్ల వెనుక చందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లు ఒక పక్క, వాళ్లలో లచ్చిరాం భార్య గోరీ. ఏ సభకు వచ్చినా ఆమె ఒక్క మాట మాట్లాడగా ఎవరూ ఎరుగరు.

బల్ల వెనుక మండలం నుంచి వచ్చిన రెవెన్యూ ఆర్ఐ, పక్కన పంచాయతీ కార్యదర్శి, మధ్యలో సురేందర్ పటేల్. ఆయన లేచి నిలబడగానే మాటలు ఆగాయి.

"మన పిల్లలు పానాలిచ్చిన్రు. వాళ్ల పేరు మీద ఈ జాగల ఒక స్థూపం, ఒక తోట. చుట్టూ కంచె. అమరుల జాగల పొయ్యిలు, పొలుసు, తాగి పండుడు వద్దు. తెలంగాణ వచ్చిన నాడు ఈడికెల్లే ఊరేగింపు తీద్దాం. ఎవరికన్న అభ్యంతరముంటె సారు ముంగట చెప్పొచ్చు."

ఎవరికుంటుంది? ఉన్నా ఎవరు చెబుతారు? కనకలక్ష్మి లెక్క వేసుకుంది. ఇంకా కొంచెం ఆగితే ఆర్ఐ కాగితం మీద గీత గీస్తాడు. లేచి నిలబడింది.

"సారూ, ముందుగాల నా సంగతి నేనే చెప్త. లేకుంటె తర్వాత పటేల్ చెప్తడు. నాకు కట్ట మీద దుకాణమున్నది. ఈ గడ్డ మూస్తె నా గిరాకి పోతది. అంటే నేను నా కోసం మాట్లాడుతున్న. అది రాసుకోండ్రి. రాసుకున్నంక మిగిలింది వినుండ్రి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆర్ఐ తల ఎత్తాడు.

"చాప వాసనకు ముక్కు మూసుకునేదానివి, నీకెందుకు సావుకారామె గాలమోళ్ల పంచాయితి?" అన్నాడు సురేందర్, నవ్వు ముఖంతోనే.

"తినను గాబట్టే అడుగుతున్న పటేలా. తినేటోళ్లయితె నాలుక మాట్లాడుతుంది అంటవ్. స్థూపం ఎంత వెడల్పు?"

"ఏంది?"

"స్థూపానికి జాగ ఎంత గావాలె? పది గజాలా, ఇరవయ్యా? నడుమ పెట్టుండ్రి. మేమే రాళ్లు మోస్తం. రైలోళ్లు మోస్తరు, బొగ్గుబాయోళ్లు మోస్తరు. మరి ఎనిమిదెకరాలకు కంచె ఎవరి కోసం? తోట ఎవరు చూస్తరు? తాళం చెయ్యి ఎవరి దగ్గర ఉంటది?"

ఆర్ఐ కాగితాలు తిరగేశాడు. "నిర్వహణ... సర్పంచి గారి కుటుంబ ట్రస్టు, పదేండ్లు."

షామియానా కింద ఒక కదలిక. కూర్చున్నవాళ్లు కొందరు కాళ్లు మార్చుకున్నారు. కనకలక్ష్మికి ధైర్యం వచ్చింది.

"మరి మిర్గానికి గాలమోళ్లు ఎక్కడ దిగాలె? వాళ్ల పొయ్యిలు ఎక్కడ పెట్టుకోవాలె? వాళ్లకు ఇల్లు లేక రాలే సారూ. బొగ్గుబాయిల ఆరు దినాలు భూమి లోపట ఉండెటోడు ఏడో దినం నీళ్ల ఒడ్డున కూసుంటనంటె, ఆ కూసునే జాగ గిదే. దీనికి టికెట్ లేదు, కులం లేదు. గిసువంటిది ఇంకొకటి చూపెట్టుండ్రి, గీడికెల్లి లేసి ఆడికి పోతం."

వెనుక నుంచి ఒక ముసలి గొంతు "నిజమే" అంది. ఇంకో రెండు గొంతులు కలిశాయి.

సురేందర్ తొందరపడలేదు. తొందరపడని మనిషి చేతిలో ఏదో ఉందని వ్యాపారం చేసినవాళ్లకు తెలుస్తుంది. కనకలక్ష్మికీ తెలిసింది.

"అక్కా, నువ్వు మంచిగ మాట్లాడినవ్. కాని ఇది నిర్ణయం చేసే సభ కాదు. నిర్ణయం ఎప్పుడో అయింది. కార్యదర్శీ, చదువు."

కార్యదర్శి గొంతు సవరించుకుని చదివాడు. గడ్డను అమరవీరుల తోటకు అప్పగిస్తూ, బసను, పొయ్యిలను, గాలాన్ని నిషేధిస్తూ గ్రామసభ ఏకగ్రీవ తీర్మానం. నూట నలభై సంతకాలు, వేలిముద్రలు. తేదీ, మార్చి ఒకటి.

"రైల్ రోకో నాడేనా?" ఆర్ఐ అడిగాడు. "అప్పుడు మన ఉద్యోగులమంతా పని ఆపి సహాయ నిరాకరణలో ఉన్నాం కదయ్యా."

"ఆఫీసు పని చేయలేదు సార్, సభకు వచ్చి కూర్చున్నాను. నా సంతకం తర్వాత పెట్టాను" అన్నాడు కార్యదర్శి, కాగితం మీది నుంచి చూపు ఎత్తకుండా.

"ఆడ పట్టాల మీద ఒక పోరాటం, ఈడ మా ఊళ్లె ఒక పోరాటం" అన్నాడు సురేందర్. ఆ మాట మీద ఆయనకు ముద్దు ఉన్నట్టుంది, ఇంకోసారి అన్నాడు.

కనకలక్ష్మి బల్ల దగ్గరికి నడిచింది. "చూడొచ్చా సారూ?"

మొదట లచ్చిరాం వేలిముద్ర. కింద ఆమె సంతకం, గుండ్రటి అక్షరాల్లో, తప్పు లేకుండా. కాగితం అంచున పసుపు రంగు నూనె మరక. ఆ మరక చూడగానే ఆ సాయంత్రం మొత్తం కళ్ల ముందు నిలిచింది. ఫిబ్రవరి ఆఖరు రోజు. ఇదే గడ్డ మీద లారీలు ఆగి ఉన్నాయి. పులిహోర పొట్లాలు కడుతున్న తన దగ్గరికి సురేందర్ కాగితాలు తెచ్చాడు. పైన జై తెలంగాణ అని రాసి ఉంది, కింద ఖాళీ. "ఢిల్లీకి పంపే తీర్మానం అక్కా, జర తొందరగ" అన్నాడు. పసుపు చేత్తోనే కలం అందుకుంది. అందరూ పెట్టారు. పైన ఆ రెండు మాటలు ఉన్నాక కింద ఏముందని అడగడం ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. తర్వాత లారీలు ఎక్కించి, "నేను ఎనుక జీపుల వస్త" అన్నాడు సురేందర్. పట్టాల మీద ఆయన కనిపించలేదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. కానీ ఆయన రాలేదని చెప్పాలంటే, చెప్పేవాడు తాను అక్కడ ఉన్నానని ఒప్పుకోవాలి.

"సారూ" అంది. వేలు ఆ మరక మీదే ఉంది. "నేను మూట ఇప్పకుంట బియ్యం కొనను. కంకర ఏరి చూడకుంట పప్పు కొనను. ఆ దినం కాగితం చూడకుంట సంతకం పెట్టిన. ఖాళీ కాగితం మీద పెట్టిన. తప్పు నాదే. కాని ఒకటో తారీఖు నాడు ఈడ సభ కాలేదు. ఊళ్లె మనుషులే లేరు. ఈ పొయ్యిల బూడిద సల్లగున్నది ఆ దినం. పొద్దంత నేను కట్ట మీద కూసున్న, నాకు ఒక్క పురుగు కానరాలే."

"మనుషులు ఎక్కడికి పోయారు?" ఆర్ఐ అడిగాడు.

ఆమె నోరు తెరిచింది. గుంజకు ఆనుకుని నిలబడిన లచ్చిరాం ముఖం గుర్తొచ్చింది. నోరు మూసింది.

సురేందర్ ముందుకు వంగాడు. "అక్కా, ఆ సంతకం నీదేనా?"

"నాదే."

"నువ్వు ఆ దినం ఊళ్లనే ఉన్నవ్."

"ఉన్న."

"ఊళ్లె ఉన్నవ్, సంతకం నీది. సభ కాలేదంటున్నవ్. సారూ, ఏది నమ్ముతరు?"

తాను వేసిన ముల్లు తన వేలికే గుచ్చుకుంది. ఊరి నుంచి కదలని మనిషి తను ఒక్కతే, ఆ ఒక్క మనిషి సాక్ష్యమే చెల్లదు.

ఆర్ఐ చెడ్డవాడు కాదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మీ మాట నేను కాదనను. కానీ రాసేదాన్ని బట్టే పై ఆఫీసు చూస్తుంది. ఈ సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కరు, ఆ రోజు నేను ఊళ్లో లేను, ఫలానా చోట ఉన్నాను అని రాసిస్తే చాలు. కంచె ఆపి, ఆ చోటికి మనిషిని పంపి విచారణ పెడతాను. ఒక్కరు. లేకపోతే నా చేతుల్లో ఏం లేదు."

నూట నలభై మందిలో వంద మందికి పైగా అక్కడే ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, తర్వాత నేల చూశారు. చెరువు గాలికి షామియానా ఒక మూల తాడు తెంపుకుంది. ఇద్దరు లేచి దాన్ని పట్టుకున్నారు, పని దొరికినందుకు సంతోషించినట్టు. కడీల వెనుక చందు తండ్రినే చూస్తున్నాడు. కనకలక్ష్మి ఒక్క పేరు చెబితే సరిపోతుంది. తక్కెడలో ఒక వైపు ఎనిమిదెకరాలు, ఇరవై రెండు పొయ్యిలు, తన దుకాణం. ఇంకో వైపు ఒక పిల్లగాడి కొలువు. బరువు ఎటు మొగ్గుతుందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. కానీ ఆ రెండో తట్టలో ఉన్నది తన సరుకు కాదు. ఇంకొకరి సరుకు పెట్టి బేరం తెంపడం ఆమెకు చేతకాలేదు.

"మొదటి ముద్ర ఎవరిది?" ఆర్ఐ కాగితం చూశాడు. "లచ్చిరాం. ఉన్నాడా?"

లచ్చిరాం లేచాడు. తలపాగా తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"ఆ రోజు ఎక్కడున్నావు?"

ఖమ్మం అంటే అక్కడికి పోయి వాకబు చేస్తారు, మానుకోట అంటే చందు బయటపడతాడు. నీటి మీద ఎక్కడో ఒక చేప ఎగిరి పడింది. అందరూ విన్నారు. అతను మాత్రం అటు తిరగలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి అయి ఉంటుంది.

"ఈడనే ఉన్న సారూ. సభ అయింది. ముద్ర నాదే."

కనకలక్ష్మికి కోపం రావాలి. రాలేదు. తనకూ అలాంటి కొడుకు ఉంటే తను ఏం చెప్పేదో ఆలోచించి, ఆ ఆలోచన మధ్యలోనే వదిలేసింది. వచ్చి తన చోట కూర్చుంది. ఎవరో ఆమెకు నీళ్ల గ్లాసు అందించారు.

"మరి ఖమ్మం పోయిన అన్నవట గదరా కానిస్టేబుల్‌కు?" ఎవరో మెల్లగా అన్నారు. ఇంకెవరో వాడి నోరు మూయించారు.

సురేందర్ ఆ మాట విన్నాడు. విననట్టు కలం మూత తీసి ఆర్ఐ ముందు పెట్టాడు. "ఇగ కానియ్యుండ్రి సారూ. ఎండ పెరుగుతుంది."

ఆర్ఐ కాగితం మీద తేదీ వేశాడు. పేరు రాయడం మొదలుపెట్టాడు.

"నా పెనిమిటి అబద్ధం చెప్తుండు."

ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది ఆ గొంతు. ఎవరిదో వెంటనే ఎవరూ పోల్చలేకపోయారు. అంతకు ముందు ఎవరూ విని ఉంటేగా. గోరీ నిలబడి ఉంది. పక్కన కూర్చున్న ఆడమనిషి గోరీ కొంగు పట్టి లాగుతోంది, తండా భాషలో గొణుగుతోంది. గోరీ ఆ చెయ్యి విడిపించుకుంది.

"ఆయన ఈడ లేడు. నేను లేను. మానుకోట పట్టాల మీద ఉన్నం. మూడు రాళ్లు పెట్టి జొన్న రొట్టెలు చేసిన. ముప్పై మందికి చేసిన. పొగకు కండ్లు మండినయ్. రాసుకో సారు. పేరు గోరీ. టీక్యా తండా."

"గోరీ, కూసో" అన్నాడు లచ్చిరాం. గట్టిగా అనలేదు, బతిమాలినట్టు అన్నాడు.

"ముద్ర ఏడ పెట్టాలె?" అంది ఆమె, ఆర్ఐనే చూస్తూ.

ఆర్ఐ సగం రాసిన సంతకాన్ని కొట్టేశాడు. కొత్త కాగితం తీశాడు. కనకలక్ష్మి తెలియకుండానే లేచి నిలబడింది. ఒక్కరు చాలు అన్నాడు, ఆ ఒక్కరు వచ్చారు. గోరీ పేరు కేసులో ఎక్కినా ఎక్కనీ, ఆమె ఏ కొలువుకూ పోవడం లేదు. తననూ పెనిమిటినీ తప్ప ఇంకెవరినీ ఇందులోకి లాగలేదు. ఏ చదువూ లేని మనిషి ఎంత కచ్చితంగా తూచింది అనుకుంది కనకలక్ష్మి.

ఆ అనుకోవడం పూర్తి కాకముందే సురేందర్ నవ్వాడు.

"మంచిది. రాసుకోండ్రి సారూ, పూర్తిగ రాసుకోండ్రి. ఒక్కదాని మాట ఎట్ల నిలబడుతది? సాక్ష్యం గావాలె గద." కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, గోరీకి నాలుగు అడుగుల దూరంలో ఆగాడు. గొంతు ఎంతో మెత్తగా ఉంది. "గోరక్కా, ముప్పై మందికి రొట్టెలు చేసినవ్ గదా. తిన్నోళ్ల పేర్లు చెప్పు. ముందుగాల నీ ఇంటోళ్లవి చెప్పు."

ఆర్ఐ కలం కాగితం మీద ఆగింది. కడీల కుప్ప దగ్గర కలకలం. తండా పిలగాళ్లను తోసుకుంటూ చందు ముందుకు వస్తున్నాడు, ఇద్దరు అతని భుజాలు పట్టి ఆపుతున్నారు. లచ్చిరాం చేతుల్లోని తలపాగా నేల మీద జారింది.

గోరీ వెనక్కి తిరిగి చూడలేదు.

"చెప్త" అంది.